పాత ల్యాబ్ సామాను అమ్మే ముందు

ల్యాబ్ ఇన్‌ఛార్జులందరికీ నమస్కారం. సెలవుల్లో స్టోర్‌రూములు ఖాళీ చేసి పాత సామాను తుక్కుకు వేస్తామని కొందరు రాశారు. దయచేసి ఒక్కసారి చూసి అమ్మండి.

2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంవారు 1985 నుంచి వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని (ప్రమాదకరమైన గామా కిరణాలు వెలువరించే పరికరాన్ని) వేలం వేశారు. ఢిల్లీలోని మాయాపురి తుక్కు దుకాణాల్లో దాని సీసపు తొడుగు ఊడదీసి, లోపలి రేడియోధార్మిక కోబాల్ట్-60 కడ్డీలను కోశారు. ఒకాయన చిన్న ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగారు. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. కోబాల్ట్-60 రేడియోధార్మికత సగానికి తగ్గడానికే ఐదేళ్లకు పైగా పడుతుంది. పాతికేళ్లు మూలన పడి ఉన్నా ప్రాణం తీసింది!

పసుపు రంగు మీద మూడు రెక్కల రేడియేషన్ హెచ్చరిక గుర్తు కనిపిస్తే ముట్టుకోకండి, విప్పకండి. గదికి తాళం వేసి ప్రిన్సిపాల్‌గారికి చెప్పండి. ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి కాలేజీ తరఫున రాస్తే, ఎవరికి, ఎలా అప్పగించాలో వాళ్లే చెబుతారు. అలమారాల్లో యురేనైల్ అసిటేట్, థోరియం నైట్రేట్ వంటి రేడియోధార్మిక రసాయనాల సీసాలుంటే సింకులో మాత్రం పారబోయకండి. వాటి సంగతి కూడా అదే ఉత్తరంలో రాయండి.

గుర్తు చెరిగిపోయి అనుమానంగా ఉన్న పరికరం ఏదైనా ఉంటే, దూరం నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.