లైకా గురించి సరిదిద్దుకోవలసిన మాట

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో "లైకా తిరిగి వచ్చిందా నాన్నా?" అని నీవు అడిగినప్పుడు, అంతరిక్షంలోకి పంపిన ఆ కుక్క వారం రోజులు భూమి చుట్టూ తిరిగి నిద్రలోనే కన్నుమూసిందని చెప్పాను. చిన్నప్పుడు మా మాస్టారు చెప్పినదీ అదే. అది నిజం కాదని తెలిసి కూడా నీకు అదే చెప్పడం నా తప్పు.

లైకా మాస్కో వీధికుక్క. చలికీ ఆకలికీ రాటుదేలిన ప్రాణి అయితే తట్టుకుంటుందని సోవియట్ శాస్త్రవేత్తలు అటువంటి వాటినే ఏరుకున్నారు. వాటిలోనూ ఆడవాటినే తీసుకున్నారు, కాలెత్తే అవసరం లేదు గనుక ఇరుకు అరలో వాటికి సులువు. అంతకంతకూ చిన్నవైన బోనులలో రోజుల తరబడి ఉంచి అలవాటు చేశారు. ప్రయాణానికి ముందు వ్లదీమిర్ యాజ్దోవ్‌స్కీ అనే వైద్యుడు దానిని ఇంటికి తీసుకువెళ్లి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు. అది తిరిగి రాదని ఆయనకు తెలుసు. దానిని పంపిన స్పుత్నిక్-2 నౌకను కిందికి దించే ఏర్పాటే లేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన మీద కోపం వస్తుంది, కానీ ఎంతోసేపు నిలవదు.

అక్టోబరు విప్లవపు నలభయ్యవ వార్షికోత్సవానికి అందించాలని కొద్ది వారాలలో హడావిడిగా కట్టిన ఆ నౌక 1957 నవంబరు 3న బయలుదేరింది. పైకి లేచేటప్పుడు లైకా గుండె నిమిషానికి 240 సార్లు కొట్టుకుంది. తరువాత లోపలి వేడి అదుపు తప్పి 40 డిగ్రీలకు చేరింది. కొన్ని గంటలలోనే అది ప్రాణం విడిచింది. ఈ నిజం 2002లో హ్యూస్టన్ సభలో ఒక రష్యన్ శాస్త్రవేత్త చెప్పేవరకు, అంటే 45 ఏళ్లపాటు, బయటికి రాలేదు. నౌక మాత్రం లైకా దేహంతోనే తిరిగి తిరిగి 1958 ఏప్రిల్ 14న వాతావరణంలో కాలిపోయింది.

కుక్కలన్నిటి గతీ ఇదే కాలేదు. 1960 ఆగస్టులో వెళ్లిన బెల్కా, స్ట్రెల్కా మరునాడే క్షేమంగా దిగాయి. నాలుగో చుట్టులో బెల్కా వాంతి చేసుకోవడం చూసిన తరువాతే, మొదటి మనిషిని ఒక్క చుట్టుకు మించి తిప్పరాదని నిశ్చయించారు. గగారిన్ అలాగే వెళ్లి వచ్చాడు. లైకా విషయంలో మాత్రం, ఆ కుక్కలకు శిక్షణ ఇచ్చిన వారిలో ఒకరైన ఒలేగ్ గజెంకో, నేర్చుకున్నది దాని చావుకు తగినంత లేదని 1998లో ఒప్పుకున్నారు. నాదీ అదే అభిప్రాయం.

బడి గోడపత్రికకు నీవు గీసిన లైకా బొమ్మను మార్చనక్కరలేదు. దాని కింది వాక్యంలో మాత్రం "వారం రోజులు" కొట్టివేసి, "కొన్ని గంటలు" అని రాయి.

మీ నాన్న