వెలుతురు ఎక్కడ పడాలో చూడమ్మా

చి. అమ్మలూ,

ఆశీస్సులు. మీ నగరంలో వీధి దీపాల పని నీ చేతికొచ్చిందని విని చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి స్తంభాలెక్కినవాణ్ణి కదా, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

దీపాలు పెడితే నేరాలు తగ్గుతాయా అని నిన్ను అడుగుతారు. 2016లో న్యూయార్క్‌లో ఇది పరీక్షించి చూశారు. నేరాలు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ గృహ సముదాయాలు సుమారు 80 ఎంచుకుని, చీటీలు తీసినట్టు సగం చోట్ల దీపాల టవర్లు నిలబెట్టారు. ఆరు నెలలు చూస్తే, అక్కడ రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయని తేలింది. మరోవైపు ఇంగ్లండు, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల లెక్కలు తీసిన 2015 నాటి అధ్యయనంలో, దీపాల కాంతి తగ్గించినా, అర్ధరాత్రి ఆర్పేసినా నేరాలు పెరిగిన దాఖలా దొరకలేదు. అందుకే ఊరంతా సమానంగా పంచకు. నేరాలు పదేపదే జరిగే చోట్లు పోలీసుల దగ్గర అడిగి, ముందు అక్కడ మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. ఎక్కువ వాట్ల దీపం పెడితే పని అయిపోయిందనుకుంటారు. కాదమ్మా. కళ్లు జిగేలుమనిపించే దీపం కింద నడిచేవాళ్లకి పక్క గోడ నీడలో ఎవరు నిలబడ్డారో కనపడదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య చీకటి మడుగులు మిగలకూడదు. ఎదురొచ్చే మనిషి ముఖం, చేతులు, తప్పుకునే వీలున్నంత దూరం నుంచే తెలియాలి. కాంతి నేల మీదికి దిగాలి, కళ్లలోకీ ఆకాశంలోకీ కాదు. పాత సోడియం దీపాల పసుపుపచ్చ వెలుగులో చొక్కా రంగు కూడా సరిగా పోల్చుకోలేం. ఎల్‌ఈడీలో ఆ చిక్కు తక్కువ. కానీ నీలి ఛాయ కొట్టే తెలుపు వద్దు, వెలుగు ఛాయను కొలిచే కెల్విన్ లెక్కలో 3000 దాటకుండా చూడు.

కొమ్మల మాట మరిచిపోకు. దీపం బాగానే వెలుగుతుంటుంది, ఆకులు మింగేస్తుంటాయి. ఆరిన దీపం ఎన్ని రోజుల్లో మార్చాలో కాంట్రాక్టులోనే రాయించు.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే ఆడవాళ్లు ఏ సందు తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నారో వాళ్లనే అడుగు. వాళ్లతో కలిసి ఒకసారి నడువు. ఆ తర్వాతే ప్లాను గియ్యి. చెట్లు, ఎత్తు గోడలు గుర్తుపెట్టి నాకొక కాపీ పంపు, స్తంభాల జాగాలు నేనూ చూస్తాను.

నీ నాన్న