పేరులో కరువు, లెక్కల్లో చవుడు

సంపాదకుడు గారికి,

మాది సాగర్ ఎడమ కాల్వ చివరి ఆయకట్టు. యాసంగి వస్తే 1010 వరి రకమే వేస్తాం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి, పూసా డీఎస్‌టీ రైస్-1, మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ల 1010 నుంచే పుట్టింది. దాంతో "నీళ్లు లేకున్నా పండే 1010 వస్తోందట" అని మా ఊరి టీకొట్టు దగ్గర అప్పుడే మొదలుపెట్టారు.

డీఎస్‌టీ అంటే ఇంగ్లీషులో 'కరువు, ఉప్పు తట్టుకోవడం' అన్న మాటలకు పొట్టి పేరు. ఆ పేరున్న జన్యువు పనిచేస్తుంటే ఆకు మీది సన్నటి రంధ్రాలు తొందరగా మూసుకోవు, తడి ఆవిరైపోతుంది. శాస్త్రవేత్తలు ఆ జన్యువును కత్తిరించి ఆపేశారు. రంధ్రాలు తగ్గాయి, ఆకులో తడి నిలిచింది. మంచి పనే. కానీ ఆ రకాన్ని తయారుచేసిన పూసా వాళ్లు (ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ) 2020లో అచ్చువేసిన పరిశోధన చూస్తే, 1010లో ఇలా సవరించిన మొక్కలు నారు దశలో ఉప్పును బాగా తట్టుకున్నాయి, నీటి ఎద్దడిని మాత్రం ఓ మోస్తరుగానే. మంత్రి ప్రకటనలో గొప్పగా చెప్పిన అదనపు దిగుబడి కూడా చవుడు, ఉప్పు నేలల్లోదే.

నారుమడి ఎండితే మాకంత టెన్షన్ లేదు. మిట్టమధ్యాహ్నం ఆకు సూదిలా చుట్టుకున్నా, సాయంత్రం బోరు ఓ గంట పారిస్తే తెల్లారేసరికి విచ్చుకుంటుంది. పోతే మళ్లీ నారు పోసుకుంటాం. పొట్ట మీదున్నప్పుడు కాల్వ కట్టేస్తేనే మా పని అయిపోయేది. కంకి సగం పొట్టలోనే ఇరుక్కుంటుంది. బయటికొచ్చిన సగం తెల్లగా తాలు. నలిపితే చేతిలో పొట్టే మిగులుతుంది.

ఆ దశలో కరువుకు ఓర్చే జన్యుభాగాలను మామూలు సంకరంతోనే ఐఆర్ 64 అనే పాత వరి రకంలోకి తెచ్చి, డీఆర్‌ఆర్ ధాన్ 42 పేరుతో 2014లోనే విడుదల చేశారు. మా దగ్గరి విత్తనాల షాపులో ఆ పేరెత్తితే "అదేం రకం పెద్దాయనా?" అని నన్నే అడిగారు!

పూసా రకం సంచుల్లోకి ఎక్కకముందే చివరి భూముల్లో మామూలు 1010 పక్కన వేసి, పొట్ట దశలో నీళ్లు ఆపి చూడాలి. ఎక్కడ పండిందో, ఎక్కడ పండలేదో ఆ లెక్కలన్నీ తెలుగులో రైతు వేదికల్లో అంటించాలి. సంచి మీద 'కరువును తట్టుకుంటుంది' అని ఊరికే రాస్తే కుదరదు, ఏ దశలో ఎన్ని రోజులో రాయాలి. పరీక్షకు మడి కావాలంటే నా అరెకరం ఇస్తాను.

- ఒక రైతు, హుజూర్‌నగర్, సూర్యాపేట జిల్లా