మెట్ల కింద డబ్బా సంగతి చూడండి

సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు అసోసియేషన్ సెక్రటరీని. జీతం లేని ఉద్యోగం. నీళ్ల మోటారు కాలినా, లిఫ్టు ఆగినా, టీవీలో బొమ్మ రాకపోయినా అందరూ మా తలుపే కొడతారు. ఈ లేఖ ఆ మూడో దాని గురించి.

కొన్నాళ్ల క్రితం మూడో అంతస్తు నుంచి పైకి అందరి టీవీల్లోనూ బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవడం మొదలైంది. కేబుల్ ఆపరేటర్ మనిషి వచ్చి రెండుసార్లు సెట్‌టాప్ బాక్సులు మార్చాడు. మూడోసారి వచ్చినప్పుడు మెట్ల కింద ఉన్న రేకు డబ్బా తెరిచాం. తెరవడానికేముంది, మూతకు బందులే లేవు, తీగతో కట్టి ఉంది. టార్చి వేసి చూస్తే లోపల మెయిన్ లైన్ మధ్యలో ఒక స్ప్లిటర్, అంటే ఒక లైనును రెండుగా చీల్చే బిళ్ల, వేలాడుతోంది. ఎవరో కేబుల్‌ను కత్తితో చెక్కి, రాగి తీగ బయటికి తీసి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. అక్కడి నుంచి ఒక వైరు మొదటి అంతస్తులోని ఫ్లాట్‌కు వెళ్లింది. ఆ ఫ్లాట్ కనెక్షన్ రద్దయి ఏడాది దాటింది.

రెండు దారుల స్ప్లిటర్ పెడితే ఒక్కో దారిలో సిగ్నల్ సుమారు 3.5 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే సగానికన్నా తక్కువే ముందుకు వెళుతుంది. మా బిల్డింగ్‌లో ఒకే లైను అంతస్తు తర్వాత అంతస్తుకు పోతుంది కాబట్టి, కింద ఒకరు లాక్కుంటే పైన అందరికీ తగ్గింది. పోయింది ఆపరేటర్ డబ్బు ఒక్కటే కాదండీ.

ఇంకో సంగతి. ఇలాంటి జాయింటు నుంచి సిగ్నల్ బయటికి కారుతుంది, బయటి రేడియో తరంగాలు లోపలికి దూరతాయి. విమానాల మాటలు, దారి చూపే సంకేతాలు వాడుకునే 108 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్యనే కేబుల్ ఛానళ్లు కూడా ఉంటాయి. మా జాయింటు విమానాన్ని దారి తప్పిస్తుందని భయపెట్టను కానీ, తేలిగ్గా తీసుకునే విషయమూ కాదు. అదే తీగలో ఇంటర్నెట్ కూడా ఉంటే, ఒక్క ఇంట్లో చెడు జాయింటు చాలు, ఆ లైను మీదున్న అందరికీ ఇబ్బందే.

మరి దొంగ ఎవరు? ఆ ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు కొత్తగా అద్దెకు దిగారు. గోడలోంచి వైరు కనిపిస్తే టీవీకి పెట్టారు. స్క్రాంబుల్ చేయని, అంటే సెట్‌టాప్ బాక్సు లేకుండానే కనిపించే నాలుగు ఛానళ్లు వచ్చాయి. అద్దెలో కలిసే ఉంటుందనుకున్నారట. స్ప్లిటర్ పెట్టినవాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆపరేటర్ మాత్రం బిల్డింగ్ మొత్తానికీ లైను కోసేశాడు. రెండు రోజులు, నెల నెలా డబ్బు కట్టేవాళ్లతో సహా.

అందుకే శిక్షలు పెంచమని అడగడం లేదు. కనెక్షన్ రద్దయితే లెక్కల్లో కొట్టేసి ఊరుకోకుండా, డబ్బా దగ్గరే ఆ వైరు విప్పేయాలనీ, ఖాళీ అయిన పోర్టుకు (వైరు తగిలించే చోటుకు) మామూలు చేతులతో విప్పలేని తాళపు టెర్మినేటర్ (మూత లాంటిది) బిగించాలనీ ఆపరేటర్లకు నిబంధన పెట్టండి. ప్రతి వైరుకూ ఫ్లాట్ నంబరు ట్యాగ్ ఉంటే దొంగ వైరు చూడగానే తెలిసిపోతుంది. కొత్త భవనాల్లో కరెంటు మీటర్లలాగే, తాళం వేసే ఒక గూటి నుంచి ఒక్కో ఫ్లాట్‌కు విడి లైను ఉండాలి. భవన అనుమతులు మీ శాఖవి కావని తెలుసు. ఆ శాఖతో మాట్లాడగలిగేది మాత్రం మీరే, నేను కాదు. ఇక దొంగతనం దొరికిన చోట ఆ ఒక్క లైనే కోయాలి.

ప్రస్తుతం ఆ డబ్బాకు మా పాత సూట్‌కేసు తాళం వేశాను. చెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంది. మొన్న నేను ఇంట్లో లేనప్పుడు రిపేరుకొచ్చిన కుర్రాడు మూత ఒక పక్కకు వంచి, చెయ్యి దూర్చి పని కానిచ్చి వెళ్లాడు.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ