ప్రాచీన గణితమంటే సున్నా ఒక్కటేనా?

సంపాదకునికి,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో ప్రాచీన భారతీయుల గణిత ప్రతిభపై వెలువడిన రెండు పేజీల వ్యాసం చదివి మొదట ఊరుకుందామనుకున్నాను గానీ, దానిని మెచ్చుకుంటూ ఈ శీర్షికలో వరుసగా లేఖలు వస్తుండడంతో రాయక తప్పడం లేదు. యజ్ఞవేదికలు, గ్రహగతులు, సున్నా, మళ్లీ సున్నా తప్ప అందులో మరేమీ లేదు. మన పూర్వికులు ఎన్నడూ సరుకు తూచనట్టు, పన్ను కట్టనట్టు, అప్పుకు వడ్డీ లెక్క వేయనట్టు, ముహూర్తాలు పెట్టుకోవడానికి తప్ప వారికి లెక్కలతో పనే పడనట్టు వ్యాసకర్త రాసుకుపోయారు.

లెక్కలు ప్రధానంగా పెరిగింది అంగడిలోనూ ఖజానాలోనూ. మెసొపొటేమియాలోని ఉరుక్ నగరంలో క్రీ.పూ. 3300 ప్రాంతం నుంచి దొరుకుతున్న మట్టిపలకల్లో అత్యధికం ధాన్యం, పశువులు, పనివాళ్ల బత్తెం లెక్కలే. మన దగ్గర హరప్పా, మొహెంజొదారో, లోథల్ వంటి చోట్ల దొరికిన ఘనాకారపు తూనికరాళ్లు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టింపు వరుసలో సాగుతాయి. అంత దూరదూరపు ఊళ్లలో ఒకే తూకం నిలిపిన ఆ వ్యవస్థకు వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని వ్యాసకర్త పేరుకు తలచారు గానీ, తెరిచి చూసినట్టు లేదు. అందులో తూనికలు కొలతలకు పౌతవాధ్యక్షుడని ఒక అధికారి ఉంటాడు. తూనికరాళ్లను ఇనుముతోగానీ, మగధ, మేకల ప్రాంతాల రాతితోగానీ, లేదా తడిసినా పూత పూసినా బరువు పెరగని, ఎండకు తరగని మరే పదార్థంతోనైనా చేయించాలని నియమం. నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని రాయితో తూచినవాడికి 27¼ పణాల (అప్పటి నాణేల) జరిమానా. మన కాలంలో ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర చాలంటున్నారు. ఆ ఏడాదికోసారి వేసిన ముద్ర ఏ సంవత్సరానిదో మా కూరగాయల మార్కెట్లో చదవగలిగిన కాటాను నేనింతవరకు చూడలేదు. బిళ్ల ఉంటే అంకె చెరిగి ఉంటుంది, అంకె ఉంటే బిళ్ల మీద పసుపు కొమ్ముల సంచి ఉంటుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అర్థశాస్త్రంలో ద్రోణం అనే కొలత ఒకటి కాదు, నాలుగు. రాజుకు రావలసిన ధాన్యం కొలిచే ద్రోణం 200 పలాల (పలం అంటే అప్పటి ఒక తూకం) మినుములు పట్టేది. బజారులో వ్యవహారానికి వాడేది 187½ పలాలది. ఖజానా నుంచి చెల్లింపులకు 175 పలాలది. అంతఃపురానికి 162½ పలాలది. అంటే రాజు పెద్ద కొలతతో పుచ్చుకుని చిన్న కొలతతో ఇచ్చేవాడు. ఇందులో పూర్వికుల గొప్పతనమేమీ నాకు కనిపించదు, ఇది నిక్షేపంగా కోతే. అయితే ఆ కోత ఎంతో అర పలం దాకా గ్రంథంలో రాసి ఉంది, రైతు తానెంత పోగొట్టుకుంటున్నాడో ముందే లెక్క కట్టుకోగలడు. మా మండలంలో మొన్నటి సీజనులో ధాన్యం కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తాకు సంచి బరువు పోను మరో కిలోన్నర ఎక్కువ తూచి, అదేమని అడిగితే తాలు అన్నారు, తర్వాత తేమ అన్నారు, చివరికి మిల్లరు ఒప్పుకోడన్నారు. రసీదు మీద మాత్రం నలభై కిలోలే. నిజం చెప్పాలంటే బజారు కొలతతో పోల్చినప్పుడు రాజుగారి కోత 200లో 12½, అంటే నూటికి ఆరుంబావు. మావాళ్లది నూటికి మూడు ముప్పావే. కానీ రాజుగారిది కాగితం మీద ఉంది, మావాళ్లది నోటిమాట మీద ఉంది. కోత కోసే హక్కు ఉందనుకుంటే రసీదులో దానికొక గడి పెట్టడానికి అభ్యంతరమేమిటో సంబంధిత శాఖవారు చెప్పాలి.

లెక్కల తనిఖీ మాటకు వస్తే, అర్థశాస్త్రంలో పని సంవత్సరం 354 రోజులు, ఆషాఢ పూర్ణిమతో ముగుస్తుంది. అప్పటికి గణకులంతా పుస్తకాలకు, మిగులు సొమ్ముకు ముద్రలు వేసి తీసుకుని రావాలి; వచ్చినవారిని ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వకుండా ఒకచోట ఉంచాలి. లెక్క చూపవలసినవాడు రాకపోతే జరిమానా సరే, అతడు వచ్చినా చూడవలసినవాడు చూడకపోతే చూడవలసినవాడికీ జరిమానా! ఆడిట్ అభ్యంతరాలకు ఏళ్ల తరబడి జవాబు రాయని మన కార్యాలయాల గోడలకు ఈ వాక్యాన్ని పటం కట్టి తగిలించవచ్చు. నూరు పణాల అప్పుకు నెలకు పణంబావు ధర్మవడ్డీ, వర్తకానికైతే ఐదు, అడవిదారిన పోయేవారికి పది, సముద్రయానానికి ఇరవై అని అపాయాన్ని బట్టి వడ్డీ కట్టిన గ్రంథమూ అదే. నేటి కొన్ని లోన్ యాప్‌లవారు ఏ సముద్రం దాటుతున్నారో తెలియదు.

తెలుగు నేల ఉదాహరణ కావాలంటే, అంత ప్రాచీనం కాకపోయినా, 1244 నాటి కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి రేవు శాసనం ఉంది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారని, తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని, అది ఎగుమతి దిగుమతులపై ముప్పైలో ఒక వంతని అందులో రాతి మీద చెక్కించారు. ఏ దేశపు వర్తకుడైనా ఒడ్డున దిగగానే తన సుంకం తానే లెక్కించుకోగలిగిన ఏర్పాటది.

ఇక మీ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా చిరాకు పరచింది, గణితసారసంగ్రహాన్ని ఖగోళ గ్రంథమని రాయడం. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు ఖగోళంతో ముడిపెట్టకుండా గణితం కోసమే రాసిన గ్రంథమది. వంటకూ వైద్యానికీ నాటకానికీ ఇంటి కట్టుబడికీ లెక్క కావాలని మొదట్లోనే చెప్పి, వడ్డీలు, భాగస్తుల పంపకాలు, బంగారం వన్నె కలపడం, గోతుల తవ్వకం గురించి లెక్కలిచ్చాడు. దానినే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ పేరు తెలిసిన మన పిల్లల్లో ఎంతమందికి మల్లన పేరు తెలుసో పాఠ్యపుస్తకాలు కూర్చేవారే చెప్పాలి. మద్రాసులో 1912లోనే ఇంగ్లిషు అనువాదంతో అచ్చయిన గ్రంథం, తిరగేయడం కష్టమేమీ కాదు. తక్కినవన్నీ వదిలేసినా, ఈ ఒక్క తప్పుకు సవరణను వచ్చే ఆదివారం అనుబంధంలో, మొదటి పేజీ కాకపోయినా ఏదో ఒక పేజీలో, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాత చందాదారు