పూలు కోసే ముందు తెలుసుకోవలసినవి

చి.ల.సౌ. అమ్మడికి,

అమ్మ ఆశీస్సులు. గుమ్మడి పాదు నిండా పూస్తోంది గానీ ఒక్క పిందె కూడా కనబడడం లేదని రాశావు. బెంగ పెట్టుకోకు, పాదుకు ఏ జబ్బూ లేదు. గింజ పెట్టిన 40, 45 రోజులకు పూత మొదలవుతుంది, మొదట పూసేవి మగపూలు. ఆడపూలు మరో వారం పది రోజులకు వస్తాయి. సన్నటి పొడుగాటి కాడ మీద నిలబడితే మగది, రేకుల కింద చిన్న పిందె ఉబ్బెత్తుగా కనిపిస్తే ఆడది. వంటకు మగపూలే కొయ్యి. ఆడపూలు వచ్చాక మాత్రం రోజూ రెండు మూడు మగపూలు తీగకే వదిలెయ్యి.

మీ మేడ మీదికి తేనెటీగలు రావంటున్నావు కాబట్టి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే పని నువ్వే చెయ్యాలి. పొద్దున్న 6 నుంచి 8 లోపు ఒక మగపువ్వు తుంచి, రేకులు చింపేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న కాడను ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయి. ఒక్క మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది, ఇక ఆ రోజుకు చేసి లాభం లేదు. పుప్పొడి అంటకపోతే పిందె పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. కాస్త పెరిగాక మెత్తబడి కుళ్ళిందంటే అది పండు ఈగ పని. చీరి చూడు, తెల్లటి పురుగులు కనిపిస్తాయి. అలాంటి పిందెలను ఎరువు కుండీలో వెయ్యకు. కవరులో పెట్టి మూతి కట్టి నాలుగు రోజులు ఎండలో పడెయ్యి, లేకపోతే ఆ పురుగులు మట్టిలో చేరి మళ్ళీ ఈగలై లేస్తాయి. మంచి పిందెలకు పలచటి గుడ్డ సంచి తొడుగు.

ఇక బజ్జీల సంగతి. కోసిన గుమ్మడి పువ్వును ముందు దులుపు, లోపల చీమలుంటాయి. నడిమి కాడను తిప్పి లాగెయ్యి, అడుగున ఉన్న పచ్చటి గరుకు రేకులు గిల్లెయ్యి, చేదంతా వాటిలోనే. కడగడం వండే ముందే. కడిగాక గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఉంటే పిండి జారిపోతుంది, నూనె చిందుతుంది. పన్నెండు పూలకు ఒక గ్లాసు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, అర చెంచా వాము, ఉప్పు, కారం. మిరపకాయ బజ్జీకి కలిపే దానికన్నా పలచన. సోడా వద్దు, నూనె పీలుస్తుంది. సెగ మధ్యస్థంగా ఉంచు. నూనె మరీ కాగితే పిండి ఉడికేలోపు రేకుల అంచులు మాడతాయి. పొద్దున్న కోసి సాయంత్రం వండాలంటే తడిగుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి మూతేసి ఫ్రిజ్‌లో ఉంచు.

కింద పెరట్లో అరటి గెల వేసిందన్నావు కదా. చివరి హస్తం, అంటే కాయల వరస, విడిచాక, దానికి జానెడు కింద పువ్వు కోసెయ్యి. ఇక అది పెరిగినా కాయలు కట్టవు, ఆ బలం గెలకు పోతుంది. చేతులకు నూనె రాసుకుని పాత చీర కట్టుకో, ఆ జిగురు మరక పోదు. ఎర్రటి డొప్పలు ఒక్కొక్కటీ తీసి లోపలి పూలు వలుచు. ప్రతి పువ్వులో అగ్గిపుల్లలా తల ఉన్న బిరుసు కాడ ఒకటి, పక్కనే గాజులాంటి చిన్న రేకు ఒకటి ఉంటాయి. రెండూ ఉడకవు, తీసెయ్యాలి. ఈ పనిలో విసుగు పడితే కూర పాడవుతుంది. లోపల తెల్లటి మొగ్గ దాకా వచ్చాక ఏదీ తీయనక్కర్లేదు, మొత్తం తరిగెయ్యవచ్చు. తరిగిన ముక్కలు వెంటనే పలచటి మజ్జిగలో వెయ్యి, లేకపోతే నల్లబడతాయి. ఉప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, వగరు రసం పిండి, అప్పుడు ఉడికించు. చింతపండు పులుసు పోసి, పోపు పెట్టి, దించాకే ఆవ ముద్ద కలుపు. పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

మునగ పువ్వు తింటే కాయలు తగ్గుతాయేమోనని అల్లుడుగారి అనుమానం. గుత్తిలో పూసేవన్నీ కాయలవ్వవు, చాలావరకు రాలేవే. రాత్రి చెట్టు కింద గుడ్డ పరిచి, పొద్దున్నే రాలినవి ఏరుకుంటే నష్టమే లేదు. పెసరపప్పుతో బాగుంటుంది. వానాకాలంలో మాను మీద గొంగళి పురుగులు గుంపుగా ఉంటాయి, చెయ్యి పెట్టే ముందు చూసుకో. వేప పువ్వు కూడా ఇలాగే ఏరి, నీడలో ఆరబెట్టి సీసాలో దాచు. నేతిలో వేయించి చారులో ఆఖర్న వెయ్యి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. పూల కొట్లో కొన్న గులాబీలు, చామంతులు ఎంత తాజాగా ఉన్నా వంటలోకి తేకు, అవి తినడానికి పెంచినవి కావు, మందులు కొట్టి ఉంటారు. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కకు అప్పుడున్న పూలు, మొగ్గలు తుంచి పారేసి, కొత్త కొమ్మలు సాగి పూసినప్పుడే వాడు. పేనుబంక, అంటే లేత కొమ్మలకు గుంపుగా పట్టే సన్న పురుగులు, పడితే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు, ఆ తర్వాత వారం దాకా ఆ పూలు కొయ్యకు.

గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, అడవినాభి, ఇవన్నీ విషం. ఉడికించినా పోదు. పూజ పూల సజ్జ వేరు, వంట పూల గిన్నె వేరు. ఒకదానిలో ఒకటి ఎప్పుడూ వెయ్యకు. పిల్లాడు పువ్వులన్నీ తినొచ్చు అనుకోకుండా, నిన్ను అడిగి నువ్వు ఇచ్చినవే తినేలా అలవాటు చెయ్యి. ఏ పువ్వైనా మొదటిసారి వాడికి ఒకటి పెట్టి మర్నాటిదాకా చూడు.

కవరులో నీలం శంఖుపువ్వు గింజలు పెట్టాను. పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి అర అంగుళం లోతున, ఎండ తగిలే చోట పెట్టు. పూశాక ఐదారు పూల తొడిమెలు తీసి గ్లాసుడు వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండితే ఊదా రంగుకు తిరుగుతుంది. వాడి చేత పిండించు. కాయలోని గింజలు మాత్రం తినకూడదని చెప్పు.

ఇట్లు,
అమ్మ