లిస్టులో పేరొచ్చాక

ఖమ్మం

ఒరేయ్ రమేషూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. ఇందిరమ్మ ఇళ్ల లిస్టులో పెద్దమ్మ పేరు వచ్చినందుకు భలే సంతోషం. కానీ "ఇక గవర్నమెంటే కట్టిస్తుందిగా, మనకేం టెన్షన్" అన్నావు చూడు, అది మాత్రం తప్పు. ఈ స్కీములో గవర్నమెంటు కట్టదురా, కట్టుకోవాల్సింది మనమే. వాళ్లు ఇచ్చేది ఐదు లక్షలు, అదీ విడతల వారీగా. బేస్‌మెంట్ లేచాక మొదటి లక్ష, ఆ తర్వాత గోడలకు, స్లాబ్‌కు, చివర్లో ఇల్లు పూర్తయ్యాక మిగతాది. డబ్బు నేరుగా పెద్దమ్మ ఖాతాలోనే పడుతుంది.

మొన్న మా వీధిలో ఒకావిడ ఇంటికి ఫొటో తీస్తుంటే చూశా. పునాది మీద ఆవిణ్ణి నిలబెట్టి, "అమ్మా, కాస్త ఇటు చూడు" అంటూ గవర్నమెంటు వాళ్లు యాప్‌లో తీశారు. సిగ్నల్ లేదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఫొటో ఎక్కిందని చెప్పేదాకా అక్కడే నిలబడింది, అది ఎక్కితేగా బిల్లు పడేది! నవ్వొచ్చింది కానీ, ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. ఆ ఇల్లు తనదని ఆవిడకి పునాది రోజే తెలుసు. మేస్త్రి సిమెంటు తగ్గిస్తే అడుగుతుంది, గోడ తడపకపోతే తనే బిందె ఎత్తుతుంది.

అంతకుముందు గవర్నమెంటే కట్టించి ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లప్పుడు ఇదే లేకపోయింది. ఆ స్కీము చెడ్డదని నేననను. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో 396 ఇళ్లు ఇచ్చినప్పుడు, పేదవాళ్లకి రెండు పడగ్గదుల ఇల్లంటే ఎవరికి నచ్చదు చెప్పు? అక్కడున్న పాత ఇళ్లు కూల్చి అదే జాగాలో కట్టారు కాబట్టి, ఎవరికిస్తారన్నది ముందే తెలుసు. చాలాచోట్ల అలా జరగలేదు. కాంట్రాక్టర్ కట్టాలి, అధికారులు చూడాలి, అంతా అయ్యాక లాటరీ తీయాలి. గవర్నమెంటు ఇచ్చే రేటుకి గిట్టుబాటు కాదని టెండర్లకు రానివాళ్లు కొందరు, సగంలో వదిలేసినవాళ్లు కొందరు. కట్టిన ఇళ్లు కూడా పంచక ఖాళీగా పడి ఉంటే కిటికీలు, వైర్లు ఎత్తుకుపోయిన ఊళ్లున్నాయి. పోతే ఎవరడుగుతారు? ఆ ఇల్లు ఎవరిదో ఎవరికీ తెలియదు కదా.

పేరు ముందే ఉంటే చాలా అంటే, అదీ కాదు. ఆంధ్రాలో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పట్టణాల్లో కట్టే ఇళ్లు చూడు. లబ్ధిదారులు ముందే డబ్బు కట్టారు, 365, 430 చదరపు అడుగుల ఇళ్లకైతే వాళ్ల పేరు మీదే బ్యాంకు లోన్లు. ప్రభుత్వం మారింది, పనులు నత్తనడక. ఇల్లు చేతికి రాకముందే వాయిదాలు కట్టమని నోటీసులు వచ్చినవాళ్లున్నారు. పేరుంది, రసీదు ఉంది, ఇల్లే లేదు. మున్సిపాలిటీకి వెళితే టిడ్కోని అడగమంటారు, టిడ్కోకి వెళితే పైనుంచి నిధులు రావాలంటారు. బ్యాంకుకి ఇవేం పట్టవు.

మా సీనియర్ లాయర్ గారు ఈ మాట వస్తే చాలు లక్నో కేసు ఎత్తుతారు. ఎం.కె. గుప్తా అనే ఆయన లక్నో డెవలప్‌మెంట్ అథారిటీకి ఫ్లాటు డబ్బు మొత్తం కట్టేశాడు, 1988లో రిజిస్ట్రేషన్ కూడా అయింది. పని మిగిలి ఉందని ఇల్లు మాత్రం అప్పగించలేదు. చివరికి 1993లో సుప్రీంకోర్టు, ఇళ్లు కట్టి ఇచ్చే ప్రభుత్వ సంస్థలు కూడా వినియోగదారుల చట్టం కిందకే వస్తాయని తేల్చింది. నాకు నచ్చింది ఆ తర్వాతి మాట. ఆయన్ని తిప్పించుకున్నందుకు వేసిన పదివేల పరిహారాన్ని సంస్థ ఖజానా నుంచి ఇస్తే అది జనం డబ్బే కదా! అందుకని, బాధ్యులెవరో ఆరు నెలల్లో తేల్చి వాళ్ల జీతాల్లోంచి వసూలు చేయమంది. ముప్పై ఏళ్లు దాటింది, జీతం కోసిన కేసు ఇంకోటి చెప్పండి సార్ అంటే ఆయన చేతిలో ఫైలు చూసుకుంటారు.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఉచితంగా చేసే సేవ ఆ చట్టం కిందకి రాదు. గుప్తా గారు డబ్బు కట్టాడు కాబట్టి కేసు వేయగలిగాడు. పైసా కట్టకుండా ఇల్లు పొందినవాళ్లు స్లాబ్ కారితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేరు, అర్జీ పట్టుకుని ప్రజావాణిలో నిలబడాల్సిందే. ఉచితం అనగానే అడిగే హక్కు కూడా పోయినట్టు మాట్లాడతారు మనవాళ్లు, నాకు అదే ఒళ్లు మంట. ఆ డబ్బేమైనా వాళ్ల జేబులోదా?

సరే, నీ పనికొద్దాం. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మీ తమ్ముడు ముందు వరండా అదీ ఇదీ అంటాడు, దాటితే బిల్లు ఆగుతుంది, ముందే చెప్పు. ప్రతి విడతకీ పెద్దమ్మ ఫోన్లో కూడా ఒక ఫొటో తీసి పెట్టమను, తేదీ కనపడేలా. బిల్లు ఆలస్యమైతే నోటిమాటగా అడగొద్దు, ఎంపీడీవో ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోమను. బిల్లు పాస్ చేయిస్తానని ఎవడైనా డబ్బడిగితే ముందు నాకు ఫోన్ చేయమను.

మొదటి లక్ష పడేలోపు పునాదికి మనమే పెట్టుకోవాలి, అది నువ్వు పంపాలి. వడ్డీకి తేనివ్వకు. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్లు ఇక్కడ ఇద్దరున్నారు, రేటు కనుక్కుని ఆదివారం ఫోన్ చేస్తా.

నీ
సుధాకర్